ఏ క్యాలిబర్ కొనాలి? సరదాగా కాల్చేవాళ్లు రైఫిల్ తూటాలని పోల్చి చూసుకునే పద్ధతి

షూటింగ్ రేంజ్‌లో పక్క లేన్‌లోంచి పెద్ద రైఫిల్ ఒకటి ధనామని మోగిందంటే చాలు, మన చేతిలో ఉన్న చిన్న .22 రైఫిల్ పిల్లల బొమ్మలా కనిపిస్తుంది. ఆ క్షణంలో పుట్టిన కోరికతోనే చాలామంది తమకి పనికిరాని క్యాలిబర్ కొనేస్తారు. నేనూ కొన్నాను. .22తో పట్టుమని ఆరు నెలలు కూడా కాల్చకుండా .308కి దూకేశాను. మొదటి ఇరవై రౌండ్లు పండగే. ముప్పయ్యో రౌండు దగ్గరికొచ్చేసరికి గుళ్లు ఎడమవైపు కిందికి జారడం మొదలైంది, నేనేమో స్కోప్ వదులైందనుకుని స్క్రూలు బిగిస్తూ కూర్చున్నాను. వెనక నిలబడి చూస్తున్న కోచ్ రైఫిల్ తీసుకుని, నాకు కనపడకుండా మ్యాగజైన్‌లో మామూలు తూటాల మధ్య ఒక డమ్మీ రౌండు, అంటే పేలని ఉత్తుత్తి తూటా, దూర్చి ఇచ్చాడు. మూడో సారి ట్రిగ్గర్ నొక్కాను, మోత లేదు, దెబ్బ లేదు, కానీ బ్యారెల్ మూతి మాత్రం టక్కున కిందికి ముక్కు పొడిచింది. స్కోప్‌ది ఏ తప్పూ లేదు. దెబ్బ తగలకముందే నేనే భయపడి రైఫిల్‌ని కిందికి తోస్తున్నాను.

అందుకని ఇక్కడ చెప్పబోయే పోలికలో శక్తి, వేగం లాంటి అంకెలు ఉంటాయిగానీ, తూకం వేసేది ఒక్కదానితోనే: ఏ క్యాలిబర్‌తో మీరు ఎక్కువ రౌండ్లు, భయం లేకుండా, మీకు దొరికే దూరంలో కాల్చగలరు అన్నదానితో. వేట సంగతి ఇందులో లేదు, అది వేరే లెక్క. కాగితం, స్టీల్ ప్లేట్లు, పోటీలు, ఇంతే. ఇంకో ముక్క, మీరుండే చోట చట్టం, మీ లైసెన్సు ఏ క్యాలిబర్‌కి ఒప్పుకుంటాయో చూసుకోకుండా ఈ లెక్కలన్నీ వేసుకుని లాభం లేదు, కాబట్టి ఆ పని ముందు కానివ్వండి.

అడుగు 1: ముందు దూరం, తర్వాతే తూటా

ఒక కాగితం తీసుకుని రెండు అంకెలు రాయండి. మీరు నిజంగా వెళ్లే రేంజ్‌లో ఉన్న అత్యధిక దూరం ఎంత? ఒక్కసారి వెళ్తే ఎన్ని రౌండ్లు కాల్చాలని ఉంది? ఎప్పుడో ఒకసారి కిలోమీటరు రేంజ్‌కి వెళ్తాననే కల రాయకండి, పోయిన మూడు నెలల్లో ఎక్కడికి వెళ్లారో అది రాయండి.

50 మీటర్ల రేంజ్ అయితే .22 తప్ప ఇంకోటి ఆలోచించడం దండగ. 100 నుంచి 300 మీటర్ల దాకా .223 హాయిగా సరిపోతుంది. 300 దాటి 600 వైపు వెళ్తుంటే బరువైన బుల్లెట్ పెట్టిన .223, .308, 6.5 క్రీడ్‌మూర్ మధ్య పోటీ మొదలవుతుంది. 600 దాటాక 6 మిల్లీమీటర్లు, 6.5 మిల్లీమీటర్ల తూటాలదే రాజ్యం. మాగ్నమ్‌లు, అంటే ఎక్కువ మందు పట్టే పెద్ద తూటాలు, 1000 మీటర్ల అవతల మాట, ఇంకా చెప్పాలంటే అక్కడ కూడా అందరికీ అవసరం లేదు.

రౌండ్ల లెక్క ఎందుకంటే, పోటీల కోసం చేసే సెంటర్‌ఫైర్ మ్యాచ్ తూటా (.223, .308 లాంటివి సెంటర్‌ఫైర్, వీటికి నిప్పు పుట్టేది అడుగున మధ్యలో) ఒకదానికి పెట్టే డబ్బుతో మామూలు .22 తూటాలు బోలెడు వస్తాయి, ఇది ఏ దేశంలోనైనా అంతే. నెలకి నలభై రౌండ్లు కాల్చేవాడికీ నాలుగు వందలు కాల్చేవాడికీ ఒకే బడ్జెట్ ఉంటే, ఆరు నెలల తర్వాత ఎవడి గురి బాగుంటుందో మీరే ఊహించుకోండి.

అడుగు 2: పేరులో ఉన్న అంకెని నమ్మకండి, పేరు మొత్తం చదవండి

క్యాలిబర్ అంటే బుల్లెట్ లావు మాత్రమే. తూటా అంటే ఆ లావు, కేస్ (మందు నింపే గొట్టం) పొడవు, ఆకారం, లోపలి పీడనం అన్నీ కలిపి. లావు ఒకటే అయినంత మాత్రాన ఒక తూటా ఇంకో రైఫిల్లోకి వెళ్లదు, వెళ్లకూడదు కూడా.

పైగా ఆ లావు అంకె కూడా సగం అబద్ధమే. .308లో ఉన్నది బుల్లెట్ లావు, అంగుళాల్లో, అంటే 7.82 మిల్లీమీటర్లు. అదే బుల్లెట్‌ని 7.62 అని ఎందుకు పిలుస్తారంటే, బ్యారెల్ లోపల చెక్కిన గాడుల మధ్య మిగిలిన గట్లు ఉంటాయి చూడండి, ఆ గట్టు నుంచి ఎదురు గట్టుకి కొలిస్తే వచ్చేది 7.62. ఒకరు గాడిలో కొలిచారు, ఇంకొకరు గట్టు మీద కొలిచారు, అంతే తేడా. .223 రెమింగ్టన్ బుల్లెట్ అసలు లావు .224 అంగుళం. .270 విన్‌చెస్టర్‌ది .277. .303 బ్రిటిష్‌ది .311 చిల్లర. .30-06లో చివరి 06 ఏ కొలతా కాదు, అది 1906లో వచ్చిందని గుర్తు. మెట్రిక్ పేర్లు కాస్త నయం, 7.62×51 అంటే రెండో అంకె కేస్ పొడవు మిల్లీమీటర్లలో. 7.62×39, 7.62×51, 7.62×54ఆర్, 7.62×63 నాలుగూ నాలుగు వేర్వేరు తూటాలు.

కాబట్టి సూత్రం ఒక్కటే: బ్యారెల్ మీద చెక్కిన పేరు, పెట్టె మీద పేరు, తూటా అడుగున కొట్టిన ముద్ర, మూడూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే కాల్చకండి, పక్కవాడు "ఏం కాదులే, నేను కాలుస్తూనే ఉన్నా" అన్నా సరే.

రెండు జంటల గురించి మాత్రం విడిగా చెప్పాలి.

.223 రెమింగ్టన్, 5.56 నాటో బయటికి కవల పిల్లల్లా ఉంటాయి. తేడా ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు), గాడులు మొదలయ్యే ముందు బుల్లెట్‌కి వదిలే ఖాళీలో ఉంది. 5.56 రైఫిల్లో ఆ ఖాళీ ఎక్కువ కాబట్టి దాంట్లో .223 నిక్షేపంగా కాల్చుకోవచ్చు. .223 అని మాత్రమే రాసున్న రైఫిల్లో 5.56 పెడితే బుల్లెట్ ముందే గాడులకి ఆనుకుని పీడనం హద్దు దాటొచ్చు, అందుకే వద్దంటారు. రెండూ తినే .223 వైల్డ్ అనే ఛాంబర్ ఒకటుంది, కొత్తగా కొనేవాళ్లు అది దొరికితే చూడండి.

రెండో జంట నిజంగా ప్రాణాంతకం. .300 బ్లాక్ఔట్ అనే తూటాని .223 కేస్‌నే కత్తిరించి, మూతి వెడల్పు చేసి తయారుచేశారు. అదే మ్యాగజైన్‌లో ఇముడుతుంది, కొన్నిసార్లు .223 ఛాంబర్‌లోకి కూడా దూరి బోల్ట్ మూసుకుంటుంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే 7.8 మిల్లీమీటర్ల బుల్లెట్ 5.7 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి పోవాలి. పోదు. రైఫిల్ చేతుల్లోనే పేలిపోతుంది. రెండూ ఉన్నవాళ్లు ఒకే రోజు రెండూ రేంజ్‌కి తీసుకెళ్లకపోవడమే మంచిది, తీసుకెళ్లినా బెంచి మీద ఒకే రకం పెట్టె ఉండాలి, మ్యాగజైన్లకి రంగు టేపు చుట్టాలి.

అడుగు 3: పెట్టె మీద బరువు, వేగం, శక్తి అంటే ఏమిటి

పెట్టె మీద "55 గ్రెయిన్" అని ఉంటే అది మందు బరువు అనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు. కాదు, అది బుల్లెట్ బరువు. ఒక గ్రాముకి 15.43 గ్రెయిన్లు. అంటే 55 గ్రెయిన్ల బుల్లెట్ మూడున్నర గ్రాములు, 168 గ్రెయిన్లది సుమారు పదకొండు గ్రాములు. వేగం సెకనుకి అడుగుల్లో రాస్తారు, వెయ్యి అడుగులంటే 305 మీటర్లని గుర్తుపెట్టుకుంటే మిగతాది నోటిలెక్క.

శక్తి లెక్క బడిలో చదివిందే, బరువులో సగం ఇంటూ వేగం వర్గం. దాని ప్రకారం మామూలు .22 ఎల్ఆర్ (40 గ్రెయిన్లు, సెకనుకి 326 మీటర్లు) 138 జౌళ్లు. .223 (55 గ్రెయిన్లు, 988 మీటర్లు) దాదాపు 1740. 6.5 క్రీడ్‌మూర్ (140 గ్రెయిన్లు, 823 మీటర్లు) 3070. .308 (168 గ్రెయిన్లు, 808 మీటర్లు) 3550. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ (180 గ్రెయిన్లు, 902 మీటర్లు) 4740. చూశారుగా, .22 నుంచి .223కి వెళ్తేనే పన్నెండు రెట్లు.

అయితే ఏంటి? కాగితానికి చిల్లు పడడానికి ఇందులో ఏదైనా చాలు. టార్గెట్ కాల్చేవాడికి ఈ అంకె ఉపయోగపడేది రెండు చోట్ల, ఒకటి రేంజ్ వాళ్లు పెట్టే గరిష్ఠ శక్తి పరిమితి దాటుతున్నామా అని, రెండోది దూరంగా ఉన్న స్టీల్ ప్లేట్ కదులుతుందా, మోత వినపడుతుందా అని. శక్తి చూసి తూటా కొనడమంటే గుర్రప్పందేనికి ఏనుగుని తోలుకెళ్లడమే.

ఇంకో చిన్న మోసం. పెట్టె మీద వేగం సెంటర్‌ఫైర్ తూటాలకి మామూలుగా 24 అంగుళాల పరీక్ష బ్యారెల్‌తో కొలిచింది. మీ రైఫిల్ బ్యారెల్ 18 అంగుళాలైతే ఆ వేగం రాదు. .308లో అంగుళానికి సెకనుకి ఏడెనిమిది మీటర్ల చొప్పున తగ్గించుకుని చూసుకోండి.

అడుగు 4: గాలి దగ్గరే అసలు పోలిక

బుల్లెట్ కిందికి పడడం పెద్ద సమస్య కాదు. అది ప్రతిసారీ ఒకేలా పడుతుంది, స్కోప్ తిప్పుకుంటే సరిపోతుంది. గాలి మాత్రం ప్రతి షాటుకీ మారుతుంది. కాబట్టి రెండు తూటాల్లో ఏది మంచిదని అడిగితే, మన అంచనా తప్పినప్పుడు ఏది తక్కువ శిక్ష వేస్తుందో అదే మంచిదంటాను.

గాలిని చీల్చుకుపోయే గుణాన్ని బాలిస్టిక్ కోఎఫిషెంట్ అంటారు, అందరూ బీసీ అనేస్తారు. ఎక్కువుంటే మంచిది. జీ1 అనే కొలమానం లెక్కలో .22కి 0.13 అటూ ఇటూ, 55 గ్రెయిన్ల .223కి 0.25 దగ్గర, 77 గ్రెయిన్ల .223కి 0.37 దగ్గర, 168 గ్రెయిన్ల .308 మ్యాచ్ బుల్లెట్‌కి 0.45 దగ్గర, 140 గ్రెయిన్ల 6.5కి 0.6 పైన. పెట్టె మీద జీ7 అని ఉంటే అది వేరే కొలమానం, అంకె దాదాపు సగం ఉంటుంది. జీ1ని జీ7తో పోల్చి "ఇది చెత్త" అనకండి.

ఇది టార్గెట్ మీద ఎలా కనిపిస్తుందంటే, 500 గజాల దగ్గర గంటకి 10 మైళ్ల అడ్డగాలిలో .308 పక్కకి జరిగినదాంట్లో 6.5 క్రీడ్‌మూర్ మూడింట రెండు వంతులే జరుగుతుంది. తక్కువ బరువు, తక్కువ దెబ్బ, తక్కువ శక్తి, అయినా గాలిలో గెలుపు దానిదే. సన్నగా, పొడుగ్గా, ముక్కు సూదిగా ఉండడం వల్ల.

ఇక్కడ .22 గురించి ఒక తమాషా ఉంది. వేగం ఎక్కువున్న .22 గాలిలో తక్కువ జరుగుతుందని ఎవరైనా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. 100 మీటర్ల దగ్గర జరిగేది సరిగ్గా దానికి తలకిందులు. గాలి నెట్టేది బుల్లెట్ గాల్లో ఉన్న మొత్తం సమయాన్ని బట్టి కాదు, గాలే లేని శూన్యంలో పోతే పట్టే సమయం కన్నా ఎంత ఆలస్యమైందో ఆ ఆలస్యాన్ని బట్టి. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లు. హై వెలాసిటీ .22 సెకనుకి 380 మీటర్లతో బయల్దేరి, ధ్వని వేగం చుట్టుపక్కల గాలి బాగా అడ్డం పడే ప్రాంతంలో వేగమంతా పోగొట్టుకుంటుంది. 326తో బయల్దేరిన స్టాండర్డ్ వెలాసిటీ తూటా అసలు ఆ గొడవలోకే వెళ్లదు. ఆలస్యం తక్కువ, కాబట్టి పక్కకి జరగడమూ తక్కువే. మ్యాచ్ .22 తూటాలు నెమ్మదిగా ఉండడం పొదుపు కోసం కాదు మరి.

పెద్ద తూటాలకీ ఈ ధ్వని గోడ ఉంటుంది, కాకపోతే దూరంగా. 168 గ్రెయిన్ల .308 బుల్లెట్ వెనక భాగం ఆకారం వల్ల 900 మీటర్లకి చేరకముందే ధ్వని వేగం దగ్గరకొచ్చి తడబడుతుందని పేరుపడింది. 1000 గజాలు కాల్చేవాళ్లు 175 గ్రెయిన్లకి మారింది అందుకే.

అడుగు 5: తన్ను ఎంతో లెక్కేసుకోండి

తుపాకి వెనక్కి తన్నడం క్యాలిబర్ ఒక్కదాన్ని బట్టి ఉండదు. బుల్లెట్ బరువు, వేగం, కేస్‌లోని మందు బరువు, రైఫిల్ బరువు, నాలుగూ కలిస్తేనే. నాలుగు కిలోల రైఫిల్ అనుకుని నేను వేసిన లెక్క ఇది: .22 దాదాపు 0.1 జౌలు, .223 నాలుగు జౌళ్ల లోపు, 6.5 క్రీడ్‌మూర్ 14, .308 సుమారు 18 నుంచి 19, .300 మాగ్నమ్ 32.

.308కీ 6.5కీ తేడా నాలుగైదు జౌళ్లే కదా అనిపిస్తుంది. ఐదు రౌండ్లకి తెలీదు, అరవై రౌండ్లకి తెలుస్తుంది. ఇంకా ముఖ్యమైనది, దెబ్బ తక్కువైతే బుల్లెట్ ఎక్కడ తగిలిందో స్కోప్‌లోంచి మీరే చూడగలరు. ఒంటరిగా కాల్చేవాళ్లకి ఇది చాలా పెద్ద సౌకర్యం.

పరీక్ష కావాలంటే నా కోచ్ చేసిందే చేయండి. స్నేహితుడి చేత మధ్యమధ్యలో డమ్మీ రౌండ్లు పెట్టించుకుని కాల్చండి. డమ్మీ దగ్గర మూతి కదిలితే ఆ క్యాలిబర్ మీకు ఇంకా ఎక్కువే. సిగ్గుపడాల్సిందేం లేదు, బరువైన రైఫిల్ తీసుకోండి, లేదా ఒక మెట్టు దిగండి. బ్యారెల్ మూతికి బ్రేక్ (గ్యాసుని పక్కలకి మళ్లించే చిన్న గొట్టం) బిగిస్తే తన్ను బాగా తగ్గుతుంది, కానీ మోత పక్కలకి చిమ్ముతుంది, పక్క లేన్ వాళ్ల శాపనార్థాలు మీకే.

అడుగు 6: ఇప్పుడు ఒక్కొక్కటీ

.22 ఎల్ఆర్. 1887 నుంచి ఉన్నది, ఇప్పటికీ దీన్ని కొట్టినది లేదు. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలు దీంతోనే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల వృత్తం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే మీ చిటికెన వేలి గోరంత, దాన్ని యాభై మీటర్ల నుంచి కొట్టాలి. చిన్న తూటా కదా అని తీసిపారేసేవాళ్లని నేను ముందు ఈ కాగితం ముందు కూర్చోబెడతాను. 50 మీటర్లకి సరిచేసిన .22ని 100 మీటర్లలో కాలిస్తే దాదాపు జానెడు కిందికి పడుతుంది, గాలికి ఊగుతుంది, కాబట్టి 600 మీటర్లలో సెంటర్‌ఫైర్ నేర్పే పాఠాలన్నీ ఇది నూటయాభైలోనే నేర్పేస్తుంది. ఒక్కటే లోపం, ఇది రిమ్‌ఫైర్, అంటే నిప్పు పుట్టించే మందు కేస్ అంచులోనే పూసి ఉంటుంది, కాల్చిన కేస్‌ని మళ్లీ నింపడానికి వీలుండదు, అప్పుడప్పుడూ పేలకుండా మిగిలేవి కూడా ఇందులోనే ఎక్కువ.

.17 హెచ్ఎంఆర్ 2002లో వచ్చింది, 17 గ్రెయిన్ల బుల్లెట్‌ని సెకనుకి 775 మీటర్లకి పైగా తోస్తుంది. 100 మీటర్లలో గీత గీసినట్టు పోతుంది, ముచ్చటగా ఉంటుంది. కానీ .22 కన్నా ఖరీదు, దాంతో పోటీలు తక్కువ. రెండో రైఫిల్‌గా అయితే సరే.

.223 రెమింగ్టన్. సెంటర్‌ఫైర్‌లోకి రావాలంటే నా మొదటి ఓటు దీనికే, రెండో ఓటు కూడా. దెబ్బ తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది, బ్యారెల్ వేల రౌండ్లు మన్నుతుంది. 55 గ్రెయిన్ల చవక తూటాలతో 100 మీటర్లలో సాధన చేసుకుని, 69, 77 గ్రెయిన్ల మ్యాచ్ తూటాలతో 500, 600 మీటర్ల దాకా వెళ్లొచ్చు. అయితే దీనికి ఒక షరతు ఉంది, అది ట్విస్ట్ దగ్గర చెప్తాను.

7.62×39. 1943 నాటి సోవియట్ డిజైన్. 100, 150 మీటర్లలో స్టీల్ ప్లేట్లు మోగించడానికి సరదాగా ఉంటుంది. గురి కోసం దీన్ని కొనకండి, ఇది ఆ పని కోసం పుట్టలేదు.

.308 విన్‌చెస్టర్. 1952 నుంచి మార్కెట్లో ఉంది. దీని బలం బాలిస్టిక్స్ కాదు, నమ్మకం. ఎన్ని రకాల తూటాలు, ఎన్ని రైఫిళ్లు, ఎంత అనుభవం పోగై ఉందో చెప్పలేం. బ్యారెల్ ఐదు వేల రౌండ్లు ఇట్టే దాటుతుంది. ఎఫ్-క్లాస్ అని ఉంది, బోర్లా పడుకుని, రైఫిల్‌ని బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) మీదో రెస్ట్ మీదో ఆనించి దూరం కాల్చే పోటీ, కెనడాకి చెందిన జార్జ్ ఫార్కీ ఫర్కర్సన్ పేరు మీదే ఆ ఎఫ్ వచ్చింది, అందులో ఎఫ్-టీఆర్ విభాగంలో .223, .308 తప్ప వేరేవి ఒప్పుకోరు. ఆ పోటీ మీద మనసుంటే ఇక ఆలోచించక్కర్లేదు.

6.5 క్రీడ్‌మూర్. 2007లో ఇది వచ్చాక దీని భక్తులకీ .308 భక్తులకీ గొడవ ఆగలేదు. గాలిలో ఇదే మేలు, తన్నులో ఇదే మేలు, అది లెక్క, అభిప్రాయం కాదు. కానీ .308లో మండేంత మందు దాదాపుగా ఇందులో ఇంకా సన్నటి రంధ్రంలో మండుతుంది కాబట్టి, మ్యాచ్ స్థాయి గురి రెండు మూడు వేల రౌండ్లకి సన్నగిల్లుతుంది. నెలకి రెండు వందల రౌండ్లు కాల్చేవాడికి అది ఏడాదిన్నర లోపే. 300 మీటర్లు దాటని రేంజ్‌లో 6.5 కొని, దాని బీసీ గురించి గంటలు మాట్లాడేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది, అక్కడ ఆ తేడా మీ చేతి వణుకులో కలిసిపోతుంది. పాతకాలపు 6.5×55 స్వీడిష్ దొరికితే దాన్నీ చిన్నచూపు చూడకండి, 1890ల నుంచి ఇదే పని చాలా మర్యాదగా చేస్తోంది.

6 మిల్లీమీటర్లవి (6 బీఆర్, 6 పీపీసీ లాంటివి) గెలవడానికి వచ్చేవాళ్ల తూటాలు. షాపులో తీసుకుని కాల్చేద్దామంటే అంత తేలికగా దొరకవు, చాలామంది సొంతంగా నింపుకుంటారు. .300 మాగ్నమ్, .338 లాపువా లాంటివి అద్దెకి దొరికితే ఒకసారి పది రౌండ్లు కాల్చి ముచ్చట తీర్చుకోండి. కొనకండి.

అడుగు 7: ట్విస్ట్ చూడకుండా బరువైన బుల్లెట్ కొనొద్దు

బుల్లెట్ బొంగరం లాంటిది, తగినంత తిరిగితేనే నిలబడుతుంది. బ్యారెల్ గాడులు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో అదే ట్విస్ట్. 1:12 అంటే పన్నెండు అంగుళాలకి ఒక చుట్టు, నెమ్మది. 1:7 అంటే వేగం. ఇక్కడ చూడాల్సింది నిజానికి బరువు కాదు, పొడవు. గ్రీన్‌హిల్ అనే ఇంగ్లిష్ గణిత ఆచార్యుడు 1879లోనే దీనికి సూత్రం రాశాడు: బుల్లెట్ ఎంత పొడుగైతే అంత వేగంగా తిప్పాలి.

.223లో పాత 1:12 బ్యారెల్ 55 గ్రెయిన్లకి సరిపోతుంది. 1:9 సుమారు 69 దాకా మోస్తుంది. 77 కావాలంటే 1:8 లేదా 1:7 ఉండాలి. తప్పితే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూశాను. రేంజ్‌లో ఒకాయన 1:12 రైఫిల్లో 77 గ్రెయిన్లవి పెట్టి, ఎక్కడా తగలట్లేదని తల పట్టుకున్నాడు. టార్గెట్ దగ్గరికి వెళ్లి చూస్తే కాగితం అంచున రెండు చిల్లులు, గుండ్రంగా లేవు, తాళంచెవి రంధ్రంలా నిలువుగా సాగి ఉన్నాయి, ఒకదాని పక్కన బుల్లెట్ పక్కవాటు సీసపు మరక కూడా ఉంది. బుల్లెట్ పల్టీలు కొడుతూ వచ్చి అడ్డంగా తగిలిందన్నమాట. అలాంటి చిల్లు కనిపిస్తే ఆ తూటాలు అక్కడితో ఆపేయండి.

.22 ఎల్ఆర్‌కి 1:16, .308కి 1:10 నుంచి 1:12, 6.5 క్రీడ్‌మూర్‌కి 1:8 మామూలుగా వస్తాయి, వాటితో ఈ తలనొప్పి తక్కువ.

అడుగు 8: నాలుగు పెట్టెలతో అసలు పరీక్ష

క్యాలిబర్ తేల్చుకున్నాక, మీ రైఫిల్‌కి ఏ తూటా నచ్చుతుందో ఎవ్వరూ చెప్పలేరు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండు వేర్వేరు తూటాలని ఇష్టపడతాయి. నాలుగు రకాలు ఒక్కో పెట్టె చొప్పున తీసుకోండి, ఒకటి చవకది, రెండు మధ్యరకం, ఒకటి మ్యాచ్.

గాలి లేని పొద్దుటి పూట వెళ్లండి. ముందూ వెనకా బ్యాగులు పెట్టి రైఫిల్‌ని బెంచి మీద ఆనించండి. ఒక్కో రకానికి పది షాట్ల గ్రూపులు (ఒకే గురికి వరసగా కాల్చినవి) రెండు. మూడు షాట్ల గ్రూపు చూసి మురిసిపోకండి, మూడు గుళ్లు ఒకే చోట పడడం అదృష్టంతో కూడా జరుగుతుంది, పది పడవు. షాటుకీ షాటుకీ మధ్య బ్యారెల్ ముట్టుకుంటే చెయ్యి ఉంచగలిగేంత చల్లగా ఉండాలి. .22లో రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది పదిహేను రౌండ్లు లెక్కలోకి తీసుకోకండి, తూటా మీది మైనం పూత బ్యారెల్లో కొత్తగా పరుచుకునేదాకా గుళ్లు అటూ ఇటూ పోతాయి.

కొలత సులువే. అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్యల మధ్య దూరం. 100 మీటర్లలో అది 2.9 సెంటీమీటర్లైతే ఒక మినిట్ ఆఫ్ యాంగిల్. షాపు తూటాలతో పది షాట్లు దానికి అటూ ఇటూగా వస్తుంటే ఆ తూటాతో సంతోషంగా ఉండండి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి పెట్టుకోండి. 100 మీటర్లలో .22 వేగం షాటుకీ షాటుకీ సెకనుకి 10 మీటర్లు తేడా వస్తే టార్గెట్ మీద నిలువుగా మూడు సెంటీమీటర్ల దాకా తేడా వచ్చేస్తుంది. అంటే గ్రూపు నిలువుగా సాగి ఉంటే తప్పు తూటాది కావచ్చు, అడ్డంగా సాగి ఉంటే గాలిది, లేదా మీ వేలిది.

అడుగు 9: పెట్టె కొని ఇంటికి తెచ్చే ముందు

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. బుల్లెట్‌కి అతుక్కుంటే దాని తొడుగులోనో లోపలో ఉక్కు ఉన్నట్టు, చాలా రేంజ్‌ల్లో అలాంటివి కాల్చనివ్వరు, స్టీల్ ప్లేట్లు పాడవుతాయి, నిప్పురవ్వలు లేస్తాయి. మామూలు సెంటర్‌ఫైర్ తూటాలతో అయినా స్టీల్‌ని 100 గజాల లోపు కాల్చకండి, చిన్న చిన్న ముక్కలు వెనక్కి వస్తాయి.

పాత మిలిటరీ సరుకు చవగ్గా వస్తుంది, ముఖ్యంగా 7.62×54ఆర్ లాంటివి. వాటి ప్రైమర్లలో (తూటా అడుగున నిప్పు పుట్టించే భాగంలో) పొటాషియం క్లోరేట్ ఉంటే కాల్చాక బ్యారెల్లో ఉప్పు మిగులుతుంది, అది గాల్లో తేమ పీల్చి తుప్పు పట్టిస్తుంది. నూనె రాస్తే ఉప్పు పోదు. ఆ రోజే వేడి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాయాలి. రేపు చేద్దాంలే అంటే రేపటికి లోపల ఎర్రగా కనిపిస్తుంది.

.22 పెట్టె మీద ఒకటిన్నర మైలు దాకా ప్రమాదమని హెచ్చరిక ఉంటుంది, అది ఉత్తుత్తి మాట కాదు, కాబట్టి వెనక మట్టి గట్టు లేని చోట ఏ క్యాలిబరూ చిన్నది కాదు. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి. మోత మామూలు కన్నా తుస్సుమంటే బుల్లెట్ బ్యారెల్లో ఇరుక్కుని ఉండొచ్చు, తర్వాతి రౌండు ఎక్కించకుండా ఖాళీ చేసి బ్యారెల్లోకి చూడాలి. .22తో కూడా చెవులకి రక్షణ, కళ్లజోడు తప్పనిసరి, సెంటర్‌ఫైర్ అయితే చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని పైన మఫ్ కూడా. అయిపోయాక తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం ఉంటుంది.

చివరగా లాట్ నంబరు, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు. పెట్టె పక్కన చిన్నగా ముద్ర కొట్టి ఉంటుంది, ఎవరూ చూడరు. ఒకే పేరున్న తూటా లాట్ మారితే, మరీ ముఖ్యంగా .22లో, గురి మారిపోతుంది. పరీక్షలో నెగ్గిన పెట్టె నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకుని, అదే రోజు సాయంత్రం షాపుకి వెళ్లి, ఆ లాట్‌లో ఎన్ని మిగిలి ఉంటే మీ లైసెన్సు పరిమితి దాకా అన్నీ తెచ్చేసుకోండి. నేను వారం ఆగి వెళ్లాను, ఎవరో ముందే పట్టుకెళ్లిపోయారు.